రోజువారీ సువార్త – 4వ పాఠం: గొంతు మారకూడదు

మీ సాక్ష్యాన్ని, అంటే యేసు మీ జీవితంలో ఏం చేశాడో, ఎవరో ఒకరితో మూడు నిమిషాల్లో చెప్పమని పోయిన పాఠంలో అన్నాను. చాలామంది చెప్పారు. అందుకు నిజంగా సంతోషం. కానీ వచ్చిన ఉత్తరాల్లో దాదాపు ఒకే సంగతి. చెప్పాం, విన్నారు, తలూపారు, వేరే మాటలోకి వెళ్ళిపోయారు. ఒక చెల్లెలు రాసింది: ఏళ్ళుగా పక్కపక్కనే కూర్చుని పనిచేసే స్నేహితురాలు అంతా విని, "ఏంటే, ఇవాళ కొత్తగా మాట్లాడుతున్నావ్?" అందట.

ఈసారి రోజువారీ పలకరింపుల గురించి చెప్పాలనుకున్నాను. దాన్ని కొంచెం పక్కన పెడతాను. ఆ స్నేహితురాలి మాటలోనే మన సమస్య అంతా ఉంది. ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా పొరపాటే.

మీరు మాట్లాడేటప్పుడు మిమ్మల్ని మీరు ఒకసారి వినండి. పిల్లల చదువు, మోకాళ్ళ నొప్పి, ఆఫీసు టెన్షన్, ఇవన్నీ ఒక తెలుగులో చెప్తాం. యేసు ప్రభువు దగ్గరికి రాగానే గొంతు మారుతుంది. "ఆయన నన్ను దర్శించి, తన కృపచేత నిలువబెట్టి" అని మొదలుపెడతాం. మన తెలుగు బైబిలు పాతకాలపు గ్రాంథిక భాషలో ఉంది. చిన్నప్పటి నుంచీ దాన్నే చదివాం, అదే భాషలో ప్రార్థించాం. అందులో తప్పేమీ లేదు, నాకూ ఆ భాషంటే ప్రాణం. కానీ ఎదుటివాళ్ళకి వినపడేది వేరు. ఇప్పటిదాకా తమతో మాట్లాడిన మనిషి పక్కకి తప్పుకుని, ఇంకెవరో వచ్చి ప్రసంగం మొదలుపెట్టినట్టు ఉంటుంది.

ఇక మాటల సంగతి. "రక్షణ పొందారా?" అని అడుగుతాం. మనకది పాపం నుంచి విడుదల, బయటివాళ్ళకి రక్షణ అంటే పోలీసు రక్షణ, దేశ రక్షణ. ఎవరి నుంచి రక్షణో వాళ్ళకి అర్థం కాదు. "ప్రభువు నాకు సమాధానం ఇచ్చాడు" అంటాం. మనకది మనశ్శాంతి, వాళ్ళకి ప్రశ్నకి జవాబు. ఏ ప్రశ్న అడిగారా అని ఆలోచిస్తూ కూర్చుంటారు. సాక్ష్యం అంటే కోర్టు. "ఆత్మల భారం" అంటే మనకి, ఇతరులూ ప్రభువుని తెలుసుకోవాలన్న తపన. ఆ మాటే వినని మనిషికి భయం వేస్తుంది కూడా. ఆత్మలంటే వాళ్ళు అనుకునేది చనిపోయినవాళ్ళ గురించి.

మారుమనస్సు, అంటే తప్పుదారి వదిలి దేవుని వైపు తిరగడం. ఆ మాట నేనెలా వాడానో చెప్తాను. మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు. నాలుగు రోజుల్లో బాగా దగ్గరయ్యాం. ఐదో రోజు రాత్రి నిద్రపట్టక ఆయనే, "బాబూ, మీరు రోజూ కళ్ళు మూసుకుని ఏం అడుగుతారు?" అన్నారు. అంతకంటే తెరిచిన తలుపు ఎక్కడుంటుంది? నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. "ప్రతి మనిషీ మారుమనస్సు పొందాలండీ" అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి దుప్పటి అంచుని సర్దుతూ ఆగిపోయింది. "నేనేం తప్పు చేశాను బాబూ?" అన్నారు. కోపంగా కాదు, బాధగా. తర్వాత ఎంత చెప్పినా ఆయన వింటున్నట్టు ఉన్నారు కానీ వినలేదు. ఆ రోజు నేను చెప్పాల్సింది ఒక్కటే: "మా నాన్న గురించి భయంగా ఉందండీ. ఆ భయం యేసుతో చెప్పుకుంటాను. చెప్పుకున్నాక కాస్త ఊపిరి ఆడుతుంది." అది నిజం కూడా. "సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు" సిగ్గుపడతాడని సామెతలు 18:13 చెప్తుంది. నేను పడ్డాను.

దయచేసి పూర్తిగా మానేయాల్సిన మాట ఒకటుంది: క్రైస్తవులు కానివాళ్ళని మనం అనే "అన్యులు". ఎదురుగా మీరు అనరని నాకు తెలుసు. మన కూడికల్లోనూ, ప్రార్థనల్లోనూ అనొద్దు. లోపల ఆ పేరు పెట్టుకుని బయట ప్రేమగా మాట్లాడటం కుదరదు. మాట దాచినా చూపులో తెలిసిపోతుంది. యేసు గురించి ఊరూరా చెప్పిన అపొస్తలుడు పౌలు, ఎఫెసు పట్నంలో మూడేళ్ళు బోధించాడు. అక్కడున్నది అర్తెమి దేవి గుడి, ఆ కాలంలో పేరు మోసిన గుడి. పౌలు బోధ మీద గొడవ లేచినప్పుడు ఆ ఊరి కరణం, క్రైస్తవుడు కాదు, జనం ముందు ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 19:37లో చూడండి. పౌలు తోటివాళ్ళ గురించి, వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతను దూషించినవాళ్ళూ కారు అన్నాడు. మీ వీధిలో మీ గురించి అలా చెప్పగలిగేవాళ్ళు ఉండాలి.

అదే పౌలు లుస్త్ర అనే ఊళ్ళో జనం దగ్గర వాన గురించి, పంటల కాలాల గురించి మాట్లాడాడు. ఏథెన్సులో వాళ్ళ బలిపీఠం మీద రాసి ఉన్న మాటతో మొదలుపెట్టి, వాళ్ళ కవుల మాటే చెప్పాడు. అసలు కొత్త నిబంధన రాసిన గ్రీకే ఆనాటి జనం మాట్లాడుకునే గ్రీకు, పండితులు గొప్పగా చూసుకునే పాత ఏథెన్సు గ్రీకు కాదు. ఈజిప్టు ఇసుకలో దొరికిన మామూలు ఉత్తరాల్లో, రసీదుల్లో కనిపించేదీ దాదాపు అదే భాష. దేవుడు తన మాటని సంతలో తిరిగే భాషలోకి తెచ్చాడు. మనం దాన్ని మళ్ళీ పైకెత్తి అల్మారాలో పెడుతున్నాం.

సమరయ స్త్రీని చూడండి (యోహాను 4). ప్రభువుని కలిసి ఒక్క మధ్యాహ్నం కూడా గడవలేదు. కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి వెళ్ళి చెప్పింది రెండే ముక్కలు: నేను చేసినవన్నీ నాతో చెప్పినాయన ఉన్నాడు, వచ్చి చూడండి, ఈయన క్రీస్తేమో? నిజంగా జరిగింది చెప్పి, ఒక ప్రశ్న వాళ్ళ దగ్గర వదిలేసింది. యోహాను 9లో చూపు వచ్చినవాడూ అంతే. తనకి తెలియనిది తెలియదన్నాడు, తెలిసిన ఒక్కటీ గట్టిగా చెప్పాడు.

ఇప్పుడు రోజువారీ పలకరింపు, క్లుప్తంగా. సోమవారం ఎవరో ఒకరు "నిన్న ఏం చేశారు?" అంటారు. మనలో చాలామంది "ఏముంది, ఇంట్లోనే" అనేస్తాం. దాని బదులు ఇలా: "చర్చికి వెళ్ళాం. క్షమించడం గురించి చెప్పారు. మా అన్నయ్యతో రెండేళ్ళుగా మాటల్లేవు, మనసు ఆగక సాయంత్రం ఫోన్ చేశాను." అక్కడ ఆపేయండి. వాళ్ళు అడిగితే రెండో వాక్యం ఉంది. అడగకపోతే మంగళవారం ఉంది. జవాబు తోచకపోతే, పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా చేసింది చేయండి. రాజు ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య ప్రార్థించాడు (నెహెమ్యా 2:4). నేను కొన్నేళ్ళుగా కరపత్రాల కంటే ఇలాంటి ఒక్క వాక్యాన్నే నమ్ముకున్నాను. ఎవరైనా చదువుతామంటే మార్కు సువార్త ఇస్తాను. యోహానుతో మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు, మార్కు చిన్నది, 16 అధ్యాయాలు, పరుగెడుతుంది. మారుమనస్సు, కృప లాంటి మాటలు ఆ చదువులో వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. అప్పుడు తీరిగ్గా చెప్పండి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది, అయినా వదలొద్దు. పోయినసారి మీరు చెప్పిన మూడు నిమిషాల్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. విని, ప్రతి మాటా కాగితం మీద రాయండి. రక్షణ, సాక్ష్యం, సమాధానం, కృప, మారుమనస్సు, ఆత్మ, భారం, అభిషేకం, నడిపింపు, దర్శించడం, వీటిలో ఏది వచ్చినా గీత కొట్టండి. ఆ పది మాటలూ లేకుండా మళ్ళీ చెప్పి రికార్డు చేయండి. ఏడు రోజులు, రోజుకొకసారి. ఎనిమిదో రోజు, మన సంఘానికి బయట మీ మేలు కోరే ఒక్కరిని ఎంచుకోండి. అభ్యాసం చేస్తున్నానని, ఒప్పుకోవాల్సిన పనేమీ లేదని ముందే చెప్పండి. మీరు మాట్లాడుతుంటే వాళ్ళకి అర్థం కాని చోట చెయ్యి ఎత్తమనండి. ఎన్నిసార్లు చెయ్యి లేచిందో, ఏ మాట దగ్గర లేచిందో నాకు రాయండి. 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.