ఎలుగుకి భయపడ్డారు, గొడుగుని వండుకున్నారు

మొన్నటి వానకి ఉద్దానంలో మా బంధువులు నలుగురు పొద్దున్నే పుట్టగొడుగులకి జీడితోటలోకి వెళ్లారు. చెదపుట్ట తవ్వి ఉంది, మన్ను ఇంకా తడిగానే ఉంది. ఎలుగు పనే అని వెనక్కి తిరిగారు. మంచి పని చేశారు. వస్తూ వస్తూ గట్టు మీద దొరికినవి ఏరి మధ్యాహ్నం వండుకున్నారు. అర్ధరాత్రి దాటాక ముగ్గురికి వాంతులు, విరేచనాలు. మర్నాటి రాత్రికి తగ్గాయి. ‘ఇంటికి పోతాం’ అని ఆస్పత్రిలో ఒకటే గోల. మా మేనత్త దెబ్బలాడి ఆపింది కాబట్టి బతికారు.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒక రైతు ప్రాణం తీసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అస్సాంలో విషపు పుట్టగొడుగులు తిని 13 మంది పోయారు. ఎలుగు కొట్టిన దెబ్బ కంటికి కనిపిస్తుంది, పరుగున ఆస్పత్రికి తీసుకెళ్తాం. గొడుగు దెబ్బ కనిపించదు.

ఎలుగు సంగతి: దానికి చూపు తక్కువ, అలికిడి లేకుండా దగ్గరికి పోతే బెదిరి మీద పడుతుంది. మాట్లాడుకుంటూ నడవండి. తెల్లవారుజామున, మునిమాపున వెళ్లొద్దు. చెట్టెక్కితే తప్పించుకోలేరు, అదీ ఎక్కుతుంది.

గొడుగు సంగతి: కొడవలితో పైపైన కోయకండి, మొదలంటా పెకలించండి. చెదపుట్ట మీది మంచి రకానికి కాడ వేరులా లోపలికి దిగి ఉంటుంది. ప్రాణం తీసే రకాల్లో చాలావాటికి కాడ అడుగున గుడ్డు పెంకులాంటి తొడుగు ఉంటుంది. కోస్తే అది మట్టిలోనే ఉండిపోతుంది. పోలిక తెలియకపోతే పారేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, వాంతులు తగ్గితే విషం దిగినట్టు కాదు. ఈ విషం ఆరు గంటలు దాటాకే, ఒక్కోసారి పన్నెండు దాటాక బయటపడుతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదిలోనే కాలేయం పాడవుతూ ఉంటుంది. కళ్లు పచ్చబడేసరికి చేయి దాటిపోతుంది.

పసుపు వేసి, వెల్లుల్లి వేసి, వెండి చెంచా పెట్టి చూడటాలు మానేయండి. ఉడికించినా ఎండబెట్టినా ఈ విషం పోదు. పురుగు తిన్నదని మీరు తినకండి. పిల్లలకి అసలే పెట్టొద్దు. వండే ముందు ఒకటి పచ్చిది పక్కన పెట్టండి, డాక్టర్‌కి చూపించాలి. తిన్నవాళ్లందరూ వెళ్లండి, బాగున్నవాళ్లు కూడా. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. వాంతులు తగ్గాయని ఇంటికి రావద్దు. డాక్టర్ లివర్ పరీక్షలు మళ్లీ చేయించి పంపేదాకా మంచం దిగొద్దు.