వాగు అవతలి బడి: ఇద్దరు టీచర్లతో ఐదు క్లాసులు ఎట్ల నడపాలె, ఫిజీ దీవుల బడుల నుంచి ఏం తీసుకోవచ్చు

ట్రాన్స్‌ఫర్ అయ్యి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ లోపలి ఊర్లల్ల చిన్న ప్రైమరీ స్కూల్‌కి పోయే సార్లకు, మేడమ్‌లకు ఇది రాస్తున్న. ఊరికి ముందర వాగు, గట్టి వాన పడితే తొవ్వ బంద్, లోపల ఐదు క్లాసులు, టీచర్లు ఇద్దరు, ఒకలు మీటింగ్‌కి పోతే ఒక్కరే. ఇది మన అడవి ఊర్ల కష్టమే అనుకుంటం గని, పసిఫిక్ సముద్రంల ఫిజీ అనే దేశం ఉంది, అక్కడ చానా ప్రైమరీ బడులు ఇట్లనే ఉంటయి, అయినా నడుస్తయి. అవి ఎట్ల నడుస్తున్నయో చూస్తే మనకు పనికొచ్చేటివి మస్తు దొరుకుతయి.

ఫిజీల 300కు పైగా దీవులు, అండ్ల వందకు పైగా దీవులల్లనే మనుషులు ఉంటరు, దేశం మొత్తం జనాభా 9 లక్షల దగ్గర, అంటే అటుఇటుగ మన వరంగల్ సిటీ అంత. పెద్ద దీవులు రెండు, వాటి పేర్లు విటి లెవు, వనువా లెవు. యసావా, లావు, కండావు లాంటి దూరపు దీవులల్ల ఊరికో చిన్న బడి ఉంటది, పోవాలంటే పడవే దిక్కు, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల సీజన్. ప్రైమరీ అంటే అక్కడ 8వ క్లాస్ దాకా, పిల్లలు తక్కువున్న కాడ ఒక్క టీచర్ రెండు మూడు క్లాసులు కలిపి చెప్తరు, హెడ్ టీచర్ కూడా క్లాస్ తీసుకుంటరు, అది వాళ్లకు మామూలు ముచ్చట.

మనకు వాళ్లతోని ఒక చుట్టరికం కూడా ఉంది. 1879 నుంచి 1916 దాకా చెరుకు తోటల్ల కూలికి మన దేశం నుంచి 60 వేల మందిని ఓడలల్ల అక్కడికి తీస్కపోయిన్రు, 1903 నుంచి మద్రాసు రేవు నుంచి పోయినోళ్లల్ల తెలుగోళ్లు, తమిళోళ్లు ఉన్నరు. వాళ్ల పిల్లల చదువు సంగతి అప్పటి సర్కార్ పెద్దగ పట్టించుకోకపోతే వాళ్లే పైసలు జమచేసుకొని బడులు కట్టుకున్నరు, 1926ల దక్షిణాది వాళ్లు పెట్టుకున్న సంగం అనే సంస్థ ఇప్పటికీ అక్కడ బడులు నడుపుతున్నది. ఫిజీల ఇవాళ్టికి కూడా ఎక్కువ బడుల జాగ, బిల్డింగ్ ఊరి కమిటీలదో, చర్చి, సంగం లాంటి సంస్థలదో ఉంటది, సర్కార్ టీచర్ల జీతం, గ్రాంట్ ఇస్తది. నేను చెప్పదల్చుకున్నది ఇదే, బడి ఊరి చేతుల ఉంటే నీళ్లు అడ్డం వచ్చినా నడుస్తది, టీచర్ ఒక్కరి చేతుల ఉంటే ఆ టీచర్ రాని రోజు తాళం పడుతది. మన దగ్గర బడి సర్కారుదే, సర్కారుదే ఉండాలె కూడా, గని అది నాది అనే మాట ఊరి నోట్లె నుంచి రావాలంటే మనమే కొన్ని పనులు చెయ్యాలె.

చేరిన మొదటి వారం రిజిస్టర్లు, యూడైస్ (బడి వివరాలు సర్కారుకు పంపేటివి) లెక్కలు ఎట్లైనా ముంగటేసుకుంటరు, తప్పదు, గని సాయంత్రం పూట పిల్లల వెంబడి వాళ్ల ఇండ్ల దాక నడవండి. ఏ పిల్ల ఏ తొవ్వల వస్తది, మధ్యల వాగు ఉందా, ఒర్రె ఉందా, కల్వర్టు ఎత్తెంత, ఇంట్ల పొద్దుగాల ఎవరుంటరు, ఎవరి ఫోన్ ఎప్పుడు కలుస్తది, ఇవన్నీ ఒక నోట్‌బుక్ల రాసుకోండి. మిర్చి ఏరుడుకు, పత్తి తీసుడుకు తల్లిదండ్రులు పోయే నెలలు ఏవో కూడా అడగండి, ఎందుకంటే ఆ నెలలల్ల చిన్నోళ్లను చూసుకునుడుకు పెద్ద పిల్ల ఇంటికాడ ఆగిపోతది, మనం ఆబ్సెంట్ వేసి ఊకుంటం. ఆ చిన్నోళ్లను అంగన్‌వాడీల కూసోబెట్టమని టీచరమ్మతోని ముందే మాట్లాడుకుంటే పెద్ద పిల్ల బడికి వస్తది.

ఇగ అసలు పని, క్లాసులు. విద్యా హక్కు చట్టం 2009 ప్రకారం 60 మంది పిల్లల దాక ఇద్దరు టీచర్లు, మన చిన్న బడులల్ల పిల్లలు ఇరవై, ముప్పై మంది ఉంటరు, అంటే కలిపి చెప్పుడు అనేది ఏదో టెంపరరీ ఇబ్బంది కాదు, అదే మన పద్ధతి అని మొదటి రోజే ఒప్పుకోవాలె. ఒకటి, రెండు ఒక టీచర్‌కి, మూడు, నాలుగు, ఐదు ఇంకో టీచర్‌కి. నా సలహా ఏందంటే సీనియర్ సారు ఐదో క్లాస్ తీస్కొని చిన్నోళ్లను కొత్తోళ్లకు ఇచ్చుడు కాదు, చదువు నేర్పుడుల చెయ్యి తిరిగినోళ్లే ఒకటి, రెండు తీస్కోవాలె, అక్కడ చదవడం వస్తే పైన సగం బరువు తగ్గుతది.

మూడు క్లాసులు ఒక్క రూంల ఉన్నప్పుడు చానామంది చేసేది ఏందంటే మూడోటోళ్లకు చెప్తరు, మిగతా ఇద్దరిని కాపీ రాయమంటరు. కాపీ రాసుడు చదువు కాదు, చప్పుడు కాకుండ ఉంచుడు అంతే. దాని బదులు ఇట్ల చెయ్యండి. ముందు రోజు సాయంత్రం ఇంటికి పోయే ముందే నాలుగు, ఐదు క్లాసుల పని గోడ మీద రాసిపెట్టాలె, గోడ కింది భాగం పిల్లల చెయ్యి అందేటంత ఎత్తుల నల్ల పెయింట్ వేయిస్తే అదే బోర్డు అయితది, ఖర్చు కూడా పెద్దగ కాదు. పొద్దుగాల ప్రేయర్ అయినంక ఒక ఇరవై నిమిషాలు మీరు మూడో క్లాస్ పక్కన కింద కూసోండి, నిలబడి కాదు, వాళ్లు తెలుగు పాఠం ఒక్కొక్కరు చదువుతుంటే వినండి. అదే టైంల నాలుగోటోళ్లు గోడ మీది లెక్కలు చేస్తరు, ఐదోటోళ్లు ఇద్దరిద్దరు కూడి పాఠం చదివి మూడు ప్రశ్నలు రాస్తరు. ఇరవై నిమిషాలకు మీరు జరగాలె, నాలుగోటోళ్ల దగ్గరికి, అటెంక ఐదు. చివరి పది నిమిషాలు అందరు కూడి, ఐదోటోళ్లు రాసిన ప్రశ్నలల్ల ఒకటి రెండు అందరికి.

ఇది నడవాలంటే ఇచ్చిన పని మిమ్మల్ని అడగకుండ చేసుకునేటిది అయి ఉండాలె, లేకుంటే రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు లేచి వస్తరు. ఇంకొకటి, సార్ అయిపోయింది అని వచ్చే పిల్లలకు ఒక డబ్బా పెట్టండి. పాత పెండ్లి కార్డులు కోసి వెనుక ఒక్కో దాని మీద ఒక పొడుపు కథనో, ఒక లెక్కనో, బొమ్మ చూసి నాలుగు లైన్లు రాయమనో రాసి అండ్ల వెయ్యండి, పని అయిపోయినోళ్లు ఒక కార్డు తీస్కొని చేసి మల్ల అండ్ల పెట్టాలె. కార్డులు నెలకోసారి మారుస్తుండాలె, లేకుంటే పిల్లలకు నోటికి వచ్చేస్తయి.

అందరికి ఒక్కటే ముచ్చట, ఎవరి లెవెల్ల వాళ్లకు పని, ఇది చానా మంచిగ పనిచేస్తది. మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కనే తీస్కోండి. ప్రైమరీ పిల్లగాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం. ఒకటి, రెండోటోళ్లు ప్లేట్లు లెక్కపెడ్తరు, మూడోటోళ్లు ఇయ్యాళ ఎందరు వచ్చిన్రో రాసి నిన్నటి కన్న ఎందరు తక్కువో చెప్తరు, నాలుగోటోళ్లు 24 మందిని 100తోని గుణించి 2400 గ్రాములు అంటరు, ఐదోటోళ్లు దాన్ని 2.4 కిలోలు చేసి 50 కిలోల బస్తా ఎన్ని రోజులు వస్తదో లెక్కతీస్తరు, 20 రోజులు వచ్చి ఇంకా రెండు కిలోలు మిగులుతదని వాళ్లకు వాళ్లే చెప్పినప్పుడు వంట అక్క కూడా వచ్చి వింటది. ఆ లెక్క వానకాలంల నిజంగనే అవసరం పడుతది, కింద చెప్త.

ఒక్కరే టీచర్ ఉన్న రోజు అందరిని వరండాల ఒక్క కాడ కూసోబెట్టండి. పెద్ద పిల్ల పక్కన ఒక చిన్న పిల్ల, అరగంట చదివించుడు, బాగుంటది ఇద్దరికీ. అంతేగని ఐదో క్లాస్ పిల్లను పొద్దంత టీచరమ్మను చేసి కూసోబెట్టొద్దు, ఆ పిల్ల చదువు అక్కడనే ఆగుతది.

భాష సంగతి ఒకటి గట్టిగ చెప్త. ఫిజీల ఎన్నో ఏండ్ల నుంచి మొదటి మూడు క్లాసులు పిల్లల ఇంటి భాషల చెప్పి, నాలుగు నుంచి ఇంగ్లీష్‌కి పోయే పద్ధతి ఉంది, ఊరును బట్టి ఆ ఇంటి భాష ఫిజియన్ కావచ్చు, హిందీ కావచ్చు. మన దగ్గర కోయ గూడెంల, లంబాడి తండాల ఒకటో క్లాస్‌కి వచ్చే పిల్లకు తెలుగే కొత్త భాష, ఆ మీద ఇంగ్లీష్ మీడియం పుస్తకం. ఆ పిల్ల మాట్లాడకపోతే మొద్దు అని రాసేయొద్దు. మొదటి రెండు నెలలు ఆ పిల్ల భాషల మాట్లాడనియ్యండి, మీకు రాకుంటే వంట అక్కనో, ఏడెనిమిది చదివే అన్ననో పక్కన పెట్టుకోండి, బొమ్మ గీసి కింద వాళ్ల మాట తెలుగు అక్షరాలల్ల రాసి, దాని పక్కన తెలుగు మాట, దాని పక్కన ఇంగ్లీష్ మాట, ఇట్ల గోడ నిండ అంటించండి. తండా పిల్ల గోడ మీద యాడి అని చూసి అది మా అమ్మ అని చదివిన రోజు నుంచి గొంతు వస్తది, ఇది ఊరికే చెప్పుడు కాదు, చేసి చూడండి.

కమిటీకి వద్దాం. 2024 నుంచి మన దగ్గర అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నయి, ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలే దానికి చైర్‌పర్సన్, హెడ్మాస్టర్ కన్వీనర్. కాగితం మీద సంతకాలకే ఆ అక్కలను పిలిస్తే కమిటీ సచ్చినట్టే. మీటింగ్ పదకొండు గంటలకు పెట్టొద్దు, అప్పుడు అందరు చేన్ల ఉంటరు, పొద్దుమీకినంక పెట్టండి, ఎజెండా ఒక్కటే ఉండాలె, నల్లా పాడైందా, ప్రహరీ కావాల్నా, ఒక్కటి. వచ్చిన పైసలు, ఖర్చు పెట్టిన పైసలు వరండా గోడ మీద సున్నం మీద రాయండి, అందరికి కనపడేటట్టు. ఫిజీ ఊర్లల్ల బడి కోసం చందాలు పడుతరు, వంటలు చేసి అమ్మి బజార్ పెడుతరు, ఊరంత కూడి గడ్డి కోసి రూములు బాగుచేస్తరు, టీచర్ ఉండేటందుకు క్వార్టర్ కూడా కమిటీనే చూసుకునే ఊర్లున్నయి. మన దగ్గర చందా అడగాలని నేను అనను, పేదోళ్ల దగ్గర పైసలు అడుగుడు మంచిది కాదు, గని నెలకు ఒక పూట పని అడగొచ్చు, అది సంతోషంగ చేస్తరు, బతుకమ్మ ముందు బడి ఆవరణ సాఫ్ చేసుడు ఎవరూ కాదనరు.

ఇప్పుడు వానకాలం. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడ్డది, 27వ తారీకు భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మొత్తం మునిగి జనం ఇండ్ల కప్పుల మీద కూసున్నరు. ఫిజీల 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాన్ వచ్చి 44 మంది పోయిన్రు, వందల బడులు దెబ్బతిన్నయి, తర్వాత టెంట్లల్ల క్లాసులు నడిపిన్రు. అక్కడ తుఫాన్ అంటే జనం వచ్చి తలదాచుకునేది కూడా బడిలనే, మన దగ్గర కూడా అంతే, కాబట్టి రెండిటికీ తయారుగ ఉండాలె.

జూన్ల బడి తెరిచిన వారంలనే చెయ్యాల్సినయి చెప్త. కల్వర్టు మీద ఊరి పెద్దమనుషులను నిలబెట్టి ఒక ఎర్ర గీత గీయించండి, నీళ్లు ఆ గీతకు వస్తే ఏ పిల్లా దాటొద్దు, ఏ టీచరూ దాటొద్దు, అటెండెన్స్ కోసమని అస్సలే దాటొద్దు. ఆ మాట కమిటీ తీర్మానం బుక్కుల రాయించి ఎంఈఓ (మండల విద్యాధికారి) సారుకు ఒక కాపీ ఇయ్యండి, రేపు ఎందుకు రాలేదని అడిగితే కాగితం ఉంటది. బడి తాళం ఇంకోటి ఊరి లోపల చైర్‌పర్సన్ అక్క దగ్గర ఉండాలె. ఊర్ల ఇంటర్, డిగ్రీ చదివిన పిల్ల ఎవరన్నా ఉంటే ముందే మాట్లాడి, వాగు ఆగిన రోజు పిల్లలను కూసోబెట్టి చదివించేటట్టు ఒప్పించుకోండి, ఆ పిల్ల ఏం చేయించాలె అని కొత్తగ ఆలోచించే పని పడొద్దు, మన కార్డుల డబ్బా, క్లాసుకు ఐదు రోజుల వర్క్‌షీట్ల కట్ట ఒక ప్లాస్టిక్ కవర్ల కట్టి బీరువా మీద పెట్టిపోవాలె. బియ్యం, పప్పు, నూనె కనీసం రెండు వారాలకు సరిపడేటట్టు ఎత్తు మీద, పలకల మీద పెట్టించండి, ఐదోటోళ్లు తీసిన లెక్క ఇక్కడ వాడుకోండి.

అడ్మిషన్ రిజిస్టర్, టీసీ బుక్కు, క్యాష్ బుక్కు ఈ మూడు మందపాటి పాలిథీన్ కవర్ల వేసి రేకు పెట్టెల పెట్టి అటక మీదికి ఎక్కించండి, ముఖ్యమైన పేజీలు ఫోన్ల ఫొటోలు తీసి ఇంకో టీచర్‌కి పంపండి. వరద వచ్చి జనం బడిల ఉండాల్సి వస్తే ఒకటి, రెండు క్లాసుల రూమ్ వదిలి మిగతా రూములు ఇయ్యండి, ఆ ఒక్క రూమ్‌ల తెల్లారి నుంచే పిల్లలను కూసోబెట్టి బొమ్మలైనా గీయించండి, భయపడ్డ పిల్లలకు పొద్దున్నే బడి గంట కొట్టుడే సగం ధైర్యం.

చివరికి ట్రాన్స్‌ఫర్ వస్తది, తప్పదు. పోయేటప్పుడు మొదటి వారం రాసిన ఆ నోట్‌బుక్ కొత్తగ వచ్చే టీచర్ చేతుల పెట్టండి. అండ్ల ఒక్కో పిల్లకు ఒక్క పేజీ, ఏం చదవొస్తది, ఏ లెక్క దగ్గర ఆగింది, ఇంట్ల ఏ భాష, ఏ తొవ్వ, ఎవరి ఫోన్. వెనుక పేజీలల్ల ఏ నెలల పిల్లలు తగ్గుతరు, వాగు ఎప్పుడెప్పుడు ఆగింది, తాళం ఎవరి దగ్గర ఉంది, కమిటీల పని చేసే అక్కలు ఎవరు అని రాయండి. వీలైతే కొత్త టీచర్‌ను ఒక సాయంత్రం చైర్‌పర్సన్ అక్క ఇంటికి మీరే తీస్కపోయి కలిపిరండి.