పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి చూశారా?
వేసవిలో ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం మీద పిల్లల్ని అమెరికా పంపుతుంటే, ముందు పాస్‌పోర్టు తెరిచి ఇంటిపేరు గడి చూడండి. మన వైపు స్కూలు రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది కదా, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా వదిలేస్తుంటారు. కావలిలో మా అక్క కూతురికీ అంతే. అలా ఉంటే వీసాలో పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది, అంటే పేరు తెలియదని! అక్కడ బడి ఐడీ కార్డు మీదా అదే పడితే పదహారేళ్ల పిల్ల ఎంత చిన్నబుచ్చుకుంటుందో. మేం సంక్రాంతి సెలవుల్లోనే రీ-ఇష్యూకి పెట్టి ఇంటిపేరు పూర్తిగా రాయించాం. మైనరు కాబట్టి అమ్మానాన్నల సంతకాలతో అనెక్షర్ డి అనే అంగీకార పత్రం కూడా ఇవ్వాలి. వీసా, టికెట్ రెండూ ఆ తర్వాతే పెట్టుకోండి.