తోటలో పడిన మానును అక్కడికక్కడే పలకలుగా కోయడం ఎలా?

విశాఖపట్నం చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం తోటల్లో గాలివానకు పెద్ద మామిడి మానో, పనస మానో పడితే, దాన్ని ముక్కలు చేయించి వంటచెరకు కింద ఇచ్చివేయడం అలవాటుగా మారిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు నేలకొరిగిన చెట్లలో తలుపులకు, మంచాలకు, బల్లలకు పనికివచ్చే చెక్క ఎంతో ఉంది. అలాంటి మాను దగ్గరకే కోత మరను తీసుకువెళ్లడం అసాధ్యమేమీ కాదు. 8 అడుగుల పొడవు, 20 అంగుళాల అడ్డుకొలత ఉన్న పచ్చి మామిడి దుంగ 400 కిలోల పైనే తూగుతుంది. దాన్ని లారీకి ఎక్కించి సామిల్లుకు పంపడం కన్నా, ట్రాక్టరు వెనుక తగిలించుకొని వెళ్లగలిగే మరను దాని పక్కన నిలపడమే సుఖం.

అన్నిటికన్నా ముందు అనుమతుల సంగతి తేల్చుకోవాలి. సొంత పొలంలోని చెట్టునైనా కొట్టే ముందు సాధారణంగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కోత మిల్లులు అటవీ శాఖ లైసెన్సు నిబంధనల పరిధిలోకి వస్తాయి కనుక, కదిలే మరకు ఏమేమి కాగితాలు కావాలో, కోసిన కలపను రోడ్డు మీద తీసుకువెళ్లడానికి ఏ పర్మిట్టు కావాలో అటవీ రేంజ్ కార్యాలయంలో అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెట్రోలు ఇంజనుతో నడిచే బ్యాండ్ రంపం (చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం) మర, సుమారు అంగుళంపావు వెడల్పు గల బ్లేడ్లు కనీసం నాలుగు, దుంగను దొర్లించడానికి కొక్కెం గల ఇనుప బారు, చెయిన్ రంపం, మూలమట్టం, టేపు, దారం, రకరకాల మందాల్లో చెక్క ముక్కలు ఉండాలి. కళ్లద్దాలు, చెవి మూతలు, గట్టి బూట్లు తప్పనిసరి; లుంగీతోను, భుజం మీద తువాలుతోను మర దగ్గరకు ఎవరినీ రానివ్వకూడదు. చెయిన్ రంపంతోనే పలకలు కూడా కోసేయవచ్చని కొందరు అంటారు. కాని దాని గాటు వెడల్పు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, అంగుళం పలకలు మూడు కోసేసరికి మరో పలకకు సరిపడే చెక్క పొట్టుగా రాలిపోతుంది. బ్యాండ్ రంపం గాటు 2 లేదా 3 మిల్లీమీటర్లు మాత్రమే. చెయిన్ రంపాన్ని దుంగను పొడవుకు తెగ్గొట్టడానికే వాడాలి.

మరను గట్టి నేల మీద, బలమైన దిమ్మెలు వేసి నిలపాలి. వానకు నానిన మన ఎర్రమట్టి బరువు పడగానే దిగిపోతుంది. పట్టాల నాలుగు మూలలూ సమంగా ఉన్నాయో లేదో మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో చూస్తే చాలు. దుంగలను 8 అడుగులకు మించనీయవద్దు. వంకర మానును పొట్టి ముక్కలుగా తెగ్గొడితే వంకర సగం అక్కడే పోతుంది. ఇంటి దగ్గరి వేప, చింత మానుల్లో ఉయ్యాల కొక్కేలు, పశువుల్ని కట్టిన గొలుసులు, పోస్టర్ల మేకులు బెరడు లోపల మూసుకుపోయి ఉంటాయి. చేతి మెటల్ డిటెక్టరుతో దుంగ చుట్టూ వెతకాలి. తెగ్గొట్టిన చివరలో నీలి నల్లటి మరక కనిపిస్తే ఆ దరిదాపుల్లో ఇనుము ఉందని అర్థం.

ఇక అసలైన దశ మొదటి కోత. నేను చూసిన చెడిపోయిన పలకల్లో ఎక్కువ భాగం బ్లేడు తప్పు వల్ల చెడినవి కావు. దుంగను మర మీద ఎలా పడితే అలా పడుకోబెట్టి ఇంజను స్టార్టు చేయడం వల్ల చెడినవి. ఇక్కడ అరగంట పట్టినా తొందరపడకూడదు.

దుంగ మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది. దాన్ని అలాగే మర మీద ఉంచితే మాను నడిమధ్య ఉండే చుక్క మొదలు వైపు ఎత్తుగా, కొస వైపు పల్లంగా ఉంటుంది. మొదలు అడ్డుకొలత 20 అంగుళాలు, కొస 16 అంగుళాలు అనుకుందాం. అప్పుడు మొదటి చివర చుక్క మర మంచానికి, అంటే దుంగను ఉంచే చట్రానికి, 10 అంగుళాల ఎత్తులో, రెండో చివర 8 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కొస కింద 2 అంగుళాల మందం ముక్కలు పెట్టి, రెండు చివరలా చుక్క ఒకే ఎత్తుకు వచ్చేదాకా సవరించాలి. చుక్క అన్ని వేళలా సరిగ్గా నడుమనే ఉండదు కనుక లెక్కను నమ్మకుండా టేపుతో రెండు చివరలా కొలవాలి. బెరడు వాలును బట్టి కోయాలనే వాళ్లు ఉన్నారు. తిన్నగా పెరిగిన టేకుకు అది చెల్లవచ్చు గాని, మన తోటల మామిడికి చెల్లదు. అలా కోస్తే మధ్య చుక్క ఒక పలకలోంచి మరో పలకలోకి దాటుతూ పోతుంది, అది దాటిన ప్రతి పలకా ఎండేటప్పుడు బీట ఇస్తుంది. చుక్కను సమంగా ఉంచితే దాన్ని చివరకు ఒకే దూలంలో బంధించి, మిగిలిన పలకలన్నిటినీ కాపాడుకోవచ్చు.

రెండో జాగ్రత్త గూనుకు సంబంధించినది. దుంగ వంగి ఉంటే, గూను పైకి ఉండేటట్లు తిప్పాలి. పక్కకు మాత్రం ఎన్నడూ ఉండకూడదు. గూను పక్కకు ఉంటే పలకలన్నీ కొడవలిలా వస్తాయి, వాటిని వడ్రంగి తిన్నగా చెక్కేసరికి సగం వెడల్పు మిగలదు.

మూడో జాగ్రత్త కంటికి కనబడని బిగువు గురించి. నిలబడి ఉన్న చెట్టులో బయటి పొరలు సాగదీసినట్టు, లోపలి చెక్క అదిమిపట్టినట్టు ఉంటాయి. నీలగిరి మానులో ఈ బిగువు మరీ ఎక్కువ. పై నుంచి ఒక పొర కోసి తీయగానే ఆ వైపు బిగువు సడలి, కింది వైపు బిగువు దుంగను లాగడంతో నడుమ భాగం పైకి ఉబ్బుతుంది. అది చూసుకోకుండా అదే ముఖం మీద వరసగా కోసుకుంటూ పోతే పలకలు నడుమ మందంగా, చివరల పలచగా వస్తాయి. అందువల్ల మొదటి బెరడు పలక తీశాక దుంగను బిగించిన క్లాంపులు వదులు చేసి, కోసిన ముఖం పొడవునా దారం పట్టి చూడాలి. దారం నడుమ మాత్రమే ఆని చివరల్లో సందు కనిపిస్తే బిగువు ఉన్నట్టే. బిగువు ఉన్నా లేకపోయినా, రెండో కోత ఎదురు ముఖానికే పడాలి. దుంగను బోర్లించి, కోసిన ముఖాన్ని మంచానికి ఆనిస్తే చుక్క తనంతట తానే సమంగా ఉంటుంది, ముక్కలతో పని లేదు. ఆ తరువాత పక్కకు తిప్పి, కోసిన ముఖాన్ని మర మంచం పక్కనుండే నిలువు కడ్డీలకు ఆనించి, మూలమట్టం పెట్టి, కొసను మళ్లీ ఎత్తి చుక్కను సరిచేసి మూడో కోత వేయాలి. నాలుగోది దాని ఎదురు ముఖానిది. నీలగిరికైతే ఆపై కూడా పలక పలకకూ తిప్పవలసిందే. మామిడికి రెండు పలకలకు ఒకసారి చాలు.

ప్రతి కోతకు ముందు నిలువు కడ్డీలు, క్లాంపులు బ్లేడు దారికన్నా కనీసం 2 అంగుళాలు కిందికి దించి ఉన్నాయో లేదో చేతితో తాకి చూడాలి. ఇది ఇంజను ఆగి ఉన్నప్పుడే చేయాలి.

దుంగ నాలుగు ముఖాల దిమ్మెగా తేలాక మిగిలిన కోత సులభం. అంగుళం పలక కావాలంటే అంగుళంపావుకు కోయండి, ఎండి చిత్రిక పట్టేసరికి అంగుళానికి వస్తుంది. బ్లేడు మీదికి నీటి చుక్కలు పడుతూనే ఉండాలి. పనస, మామిడి జిగురుకు ఆ నీటిలో కొంచెం గిన్నెలు తోమే సబ్బు కలపాలి. పలక అలలు అలలుగా వస్తే బ్లేడు మొద్దుబారినట్టు, లేదా మరను తోసే చెయ్యి వేగం మించినట్టు లెక్క. చింత చేవ బ్లేడును త్వరగా తినేస్తుంది. పని ముగిశాక బ్లేడు బిగింపు తప్పకుండా సడలించాలి.

కోసిన రోజే పలకల చివరలకు పాత పెయింటు పూసి, నీడలో, నేలకు అడుగున్నర ఎత్తున పేర్చాలి. వరసకూ వరసకూ మధ్య అంగుళం మందం ఎండు పుల్లలు, అడుగున్నరకు ఒకటి చొప్పున, పై నుంచి కింది దాకా ఒకే నిలువు గీతలో ఉండాలి. పైన బరువు పెట్టాలి. మామిడికి బూజు మరక, పొడి పురుగు త్వరగా పడతాయి కనుక కొట్టిన కొద్ది రోజుల్లోనే కోసి, బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు పూయాలి. ఈ పనికి మంచి కాలం డిసెంబరు, జనవరి నెలలు. ఏప్రిల్ ఎండల్లో కోసిన పలక వేగంగా ఎండి పగులుతుంది. అంగుళం మందానికి ఏడాది ఎండబెట్టాలనేది ఎప్పటినుంచో ఉన్న లెక్క. మన సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ కనుక ఆ లెక్క మీద ఆధారపడకుండా, ఒక పలకకు గుర్తు పెట్టి నెలకొకసారి తూకం వేయాలి. వానలు లేని రోజుల్లో వరసగా రెండు తూకాలు ఒకేలా వచ్చిన తరువాతనే దాన్ని వడ్రంగికి అప్పగించాలి.