కోత పడటం లేదని పవర్ పెంచకండి, ముందు లెన్స్ చూడండి

నిన్నటిదాకా తెగిన చెక్క ఇవాళ సగమే తెగుతోందంటే, లేజర్ కటింగ్ మెషీన్‌లో చెయ్యి ముందు పవర్ సెట్టింగ్ మీదకే పోతుంది. నేనూ అలా పెంచే ఒక లెన్స్ పగలగొట్టుకున్నాను.

సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు) లేజర్ కిరణం (తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు) జింక్ సెలెనైడ్ లెన్స్‌లోంచి దాదాపు మొత్తం దాటిపోతుంది. పైన పొగ మరక ఉంటే మాత్రం ఆ చుక్క కిరణాన్ని పీల్చుకుని కాగుతుంది. లెన్స్ ఒకచోట వేడెక్కి ఫోకస్ చోటు తప్పుతుంది, కోత పడదు; తర్వాత లెన్స్ పగులుతుంది. పవర్ పెంచితే మరకకి ఇంకాస్త వేడి అందించినట్టే.

మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, లెన్స్ చల్లారనివ్వండి. గ్లవ్స్ వేసుకుని, రబ్బరు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. నోటితో వద్దు, తుంపరలు పడతాయి. లెన్స్ టిష్యూ మీద రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, నొక్కకుండా ఒకే దిక్కుకి మెల్లగా లాగండి. ప్రతిసారీ కొత్త టిష్యూ. చొక్కా అంచుతో తుడిచేవాళ్లకి దణ్ణం! టార్చి ఏటవాలుగా వేస్తే మిగిలిన మరక కనిపిస్తుంది.

తిరిగి పెట్టేటప్పుడు ఉబ్బు వైపు పైకి ఉండాలి. లెన్స్ పగిలి ఉంటే ముక్కల్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి, ఆ పదార్థం విషపూరితం.