ఇంగ్లీషు లిటరేచర్ చదివేవాళ్ళు కష్టమైన మాటలు నేర్చుకోవడం ఎలా?

కాలేజీలో కొత్త బ్యాచ్ చేరిన వారంలోపే ఎవరో ఒకరు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి అడుగుతారు: "మేడమ్, వొకాబులరీకి ఏ పుస్తకం కొనమంటారు?" సిలబస్‌లో ఉన్న పుస్తకాలే కొనమంటాను. ముఖం చిన్నబుచ్చుకుంటారు. అప్పటికే చాలామంది దగ్గర విదేశీ పరీక్షల కోసం అచ్చేసిన వేల మాటల లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో 'ఏ' అక్షరం నిండా రంగురంగుల గీతలుంటాయి. 'బి' సగానికి గీతలు పల్చబడతాయి. 'సి' నుంచి కాగితాలు ఇంకా ప్రెస్సు వాసనే వేస్తుంటాయి.

ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పాఠం చెబుతున్నాను. పదో తరగతి దాకా నేనూ తెలుగు మీడియమే, నేనూ జాబితాలు బట్టీ పట్టినదాన్నే. ఆ మాటల్లో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. నవల్లోనో పద్యంలోనో తగిలి, నన్ను ఇబ్బంది పెట్టి, ఒక పూట తినేసిన మాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కాబట్టి కింద చెప్పినట్టే చేయండి, మధ్యలో మీ సొంత తెలివి కలపకండి.

కావలసినవి

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు, రబ్బరు, ఒక మంచి ఇంగ్లీషు–ఇంగ్లీషు డిక్షనరీ. డిక్షనరీ ఫోన్లో ఉన్నా సరే. నోట్‌బుక్ మాత్రం ఫోన్లో కుదరదు. పెన్ను అసలు వద్దు. మొదటిసారి రాసిన అర్థం ఎలాగూ తప్పే అవుతుంది, చెరపాలి కదా. కుడి పేజీలోనే రాయండి, ఎడమ పేజీ ఖాళీగా ఉంచండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ముందు చదవండి

అధ్యాయమో పద్యమో, డిక్షనరీ ముట్టుకోకుండా చివరిదాకా చదవండి. అర్థంకాని చోట పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ముందుకెళ్ళండి. ప్రతి మాటకీ ఆగి ఫోన్ తీస్తే ఆ ఫోన్ మిమ్మల్ని ఎటు తీసుకుపోతుందో మీకు తెలియంది కాదు.

మాటలు ఏరుకోండి

రెండోసారి చదువుతూ ఎనిమిది మాటలే ఏరుకోండి. తొమ్మిదోది ఎంత ముద్దొచ్చినా వద్దు. ఎనిమిదిలో కనీసం మూడు, మీకు "తెలిసిన" మాటలై ఉండాలి.

ఇక్కడే పిల్లలు తెల్లబోతారు. "లెట్ అంటే తెలుసు కదా మేడమ్, దానికి డిక్షనరీ ఎందుకు?" అంది మొన్నొక అమ్మాయి. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకం మొదటి అంకంలో తండ్రి దెయ్యం చేయి ఊపి పిలుస్తుంటే స్నేహితులు హామ్లెట్‌ని పట్టుకుని ఆపుతారు. నన్ను 'లెట్' చేసేవాణ్ణి దెయ్యాన్ని చేసేస్తా అంటాడు హామ్లెట్. ఆ అమ్మాయి లెక్క ప్రకారం "నన్ను పోనిచ్చేవాణ్ణి చంపుతా" అని అర్థం. పోనిచ్చేవాణ్ణి ఎందుకు చంపడం? పాత ఇంగ్లీషులో అచ్చంగా రెండు వేర్వేరు మాటలుండేవి, ఒకటి 'పోనివ్వడం', ఇంకోటి 'అడ్డుకోవడం'. కాలక్రమంలో రెండూ ఒకే రూపంలోకి వచ్చి పడ్డాయి. హామ్లెట్ వాడింది రెండోది. అదేదో షేక్‌స్పియర్‌తోనే చచ్చిపోయిన మాట అనుకోకండి. మీ ఇంట్లో పాస్‌పోర్టు ఉంటే ముందు పేజీల్లో రాష్ట్రపతి పేరిట ఉన్న విన్నపం చదవండి. ఈ పాస్‌పోర్టు ఉన్నవారిని 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' పోనివ్వమని ఉంటుంది. అంటే ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా అని. దాన్ని జేబులో పెట్టుకుని అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు కూడా ఆ వాక్యం చదివి ఉండరు.

అందుకే, తెలియని మాటకంటే తెలిసిన మాట ప్రమాదం. తెలియనిదైతే ఆగుతారు, తెలిసిందైతే దాటిపోతారు. వాక్యం ఎక్కడైనా కుంటినట్టు అనిపిస్తే అందులో మీకు బాగా తెలుసనుకున్న మాటనే ముందు అనుమానించండి.

అర్థం తేల్చుకోవడం (తొందరపడొద్దు)

మిగతావన్నీ ఎలా చేసినా చెల్లుతుంది. ఇదొక్కటి చెడితే నోట్‌బుక్ మొత్తం చెత్త. అందరూ చెడగొట్టేదీ ఇదే. మాట వెతుకుతారు, డిక్షనరీలో మొదట కనిపించింది తీసుకుంటారు, పక్కన ఒకే ఒక్క తెలుగు మాట రాసి గీత కొడతారు.

అలా కాదు. ముందు వాక్యం మొత్తం నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. మాట ఒక్కటే రాస్తే ఒప్పుకోను. వర్డ్స్‌వర్త్ 1807లో అచ్చువేసి, 1815లో దిద్దిన డాఫొడిల్స్ పద్యం తీసుకుందాం. అందులో కవి 'కుడ్ నాట్ బట్ బీ గే' అంటాడు. క్లాసులో వెనక బెంచీ నుంచి నవ్వులు వినిపిస్తాయి, ఏటా వినిపిస్తాయి, నాకు అలవాటే. 'గే' అప్పట్లో సంతోషం. ఇప్పటి అర్థం ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. ఆ సంగతి తేల్చడానికి డిక్షనరీ కూడా అక్కర్లేదు, తర్వాతి పాదంలోనే 'జోకండ్' అని అదే అర్థమున్న మాట ఇంకోటి ఉంది. కానీ నవ్వేవాళ్ళు అసలు ముడిని చూడనే చూడరు. 'కుడ్ నాట్ బట్'ని చాలామంది "కాలేకపోయాడు" అని చదివి, ఆ పూల మధ్య కవి దిగులుపడ్డాడని రాస్తారు. పరీక్ష పేపర్లో అలా నిజంగానే రాశారు. మన భాషలో ఆ పలుకుబడి అచ్చుగుద్దినట్టు ఉంది: "సంతోషపడకుండా ఉండలేకపోయాడు." రెండు వ్యతిరేకాలు, అక్కడా ఇక్కడా. 'గే' ఒక్కటే విడిగా రాసుకున్నవాళ్ళకి ఇది దొరకదు.

వాక్యం రాశాక డిక్షనరీ ముట్టకుండా మీ ఊహ రాయండి. తప్పయినా సరే, పెన్సిలే కదా. తర్వాతే డిక్షనరీ. అందులో ఆ మాట కింద ఎన్ని అర్థాలుంటే అన్నీ చదవండి, అయిదుంటే అయిదూ. ఒక్కోదాన్ని తీసి వాక్యంలో పెట్టి చూడండి, తాళంచెవుల గుత్తితో తలుపు తీసినట్టు. పాత రచన అయితే ఆ అర్థం ఏ కాలంలో నడిచిందో కూడా చూడాలి. యూనివర్సిటీ లైబ్రరీల్లో పెద్ద ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఉంటే చూడండి. 1884లో మొదటి భాగం వస్తే 1928కి గానీ పూర్తికాలేదు. ప్రతి అర్థం కిందా దాన్ని ఏ సంవత్సరంలో ఎవరు ఎలా వాడారో ఉదాహరణలిస్తుంది. దొరకనివాళ్ళకి మాటల మూలాలు చెప్పే ఎటిమాన్‌లైన్ వెబ్‌సైట్ ఉచితంగా ఉంది, పని జరిగిపోతుంది.

కాలం ఎందుకంటే, మాటలు రంగు మారుస్తాయి. తెలుగువాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. 'కంపు' ఒకప్పుడు సువాసన. 'చీర' ఒకప్పుడు ఏ బట్టైనా, నారచీరలు కట్టినవాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు. 'నూనె' అంటే నువ్వులది మాత్రమే, ఇప్పుడు కొబ్బరి నూనె కూడా నూనే. తెలుగు పాఠంలో అర్థ విపరిణామం అని చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలే, ఇంగ్లీషు పీరియడ్ రాగానే ఆ సంగతి మరిచిపోతారు.

జేన్ ఆస్టిన్ 1813 నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో కాలిన్స్ అనే పాదిరీ, తనకు ఉద్యోగమిచ్చిన లేడీ క్యాథరిన్‌ని తెగ పొగుడుతాడు. ఆమె 'కాండిసెన్షన్' చూసి మురిసిపోతాడు. ఇవాళ్టి డిక్షనరీలో ముందు కనిపించేది "చులకనగా చూడడం". అది తీసుకుంటే, తనను చులకన చేసిందని ఎవడైనా మురిసిపోతాడా? శామ్యూల్ జాన్సన్ 1755 డిక్షనరీలో ఈ మాటలో ఆ చేదు లేదు. పెద్దవాడు తనంతట తాను కిందికి దిగి, తక్కువవాడితో సమానంగా మెలగడం అని ఉంటుంది. మాట లోపలే 'డిసెండ్' ఉంది, మనం "దిగివచ్చారు" అంటాం చూడండి, అదే.

అయినా ఇక్కడితో పని అయిపోలేదు. "దయ" అని రాసి గీత కొట్టారా, మళ్ళీ చెడింది. ఆ మాట ఎవరి నోట ఉంది, ఎలాంటివాడి నోట? "జమీందారుగారు నన్ను పేరుపెట్టి పిలిచారండీ! ఎదురుగా కూచోమన్నారండీ!" అని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి మీకు తెలిసే ఉంటాడు. కాలిన్స్ అతనే. అతని వెనక నిలబడి రచయిత్రి నవ్వుతోంది. నా నోట్‌బుక్‌లో ఈ మాట ఎదురుగా ఇలా ఉంది: "పెద్దవాళ్ళు దిగివచ్చి పలకరించడం. కాలిన్స్‌కి వరం, మనకి నవ్వు." రెండు ముక్కలూ ఉండాలి. లిటరేచర్ క్లాసులో అర్థం సగమే, ఎవరు ఏ గొంతుతో అన్నారన్నది మిగతా సగం. జాబితా పుస్తకాలు ఎందుకు పనికిరావో ఇక్కడే తెలుస్తుంది. వాటిలో మాటలుంటాయి, గొంతులుండవు.

ఒకే తెలుగు మాట ఎందుకు రాయకూడదో ఇంకోటి చెప్పి వదిలేస్తాను. కీట్స్ 1819లో రాసిన నైటింగేల్ పద్యంలో ఏడో చరణం 'ఫర్‌లోర్న్' అన్న మాటతో ముగుస్తుంది. ఎనిమిదోది మళ్ళీ అదే మాటతో మొదలవుతుంది. ఆ మాట గంటలా మోగి తనను తనలోకి లాక్కొచ్చిందంటాడు కవి. మా పిల్లల నోట్‌బుక్కుల్లో దీనికి "విచారకరమైన", "ఒంటరి" అని ఉంటాయి. ఏడో చరణంలో అది మనిషి గురించి కాదు, ఏవో మాయాలోకపు నేలల గురించి. మనిషి అలికిడి లేని, అందరూ ఎప్పుడో వదిలేసిపోయిన చోటు. ఎనిమిదో చరణానికి వచ్చేసరికి అదే మాట కవి మీదికి తిరుగుతుంది, వదిలేయబడ్డవాడు తానే అవుతాడు. రెండు చరణాల మధ్య ఉన్న ఖాళీలో మాట మనసు మార్చుకుంది. ఇక ఆ గంట సంగతి. "ఫర్‌లోర్న్" అని నాలుగుసార్లు పైకి అనండి, చివరి 'లోర్న్' దగ్గర గొంతు సాగుతుంది. "విచారకరమైన" అని నాలుగుసార్లు అనండి. ఏ గంటా మోగదు. అందుకే ఆ ఎంట్రీలో మూడు ముక్కలు రాసుకోవాలి: చోటుకైతే ఒకటి, మనిషికైతే ఒకటి, మోత గురించి ఒకటి.

తెలుగులో రాయొద్దు, ఇంగ్లీషులోనే ఆలోచించాలని వాదించేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. మీకు ఇంట్లో వినబడే భాషలో పట్టుబడితేనే మాట మీదవుతుంది. డిక్షనరీ నిర్వచనాన్ని దించేసినవాళ్ళకి దించడమే వస్తుంది.

కుటుంబాలుగా పెట్టండి

ఎడమ పేజీ ఖాళీగా ఉంచమన్నది ఇందుకే. చుట్టరికం ఉన్న మాటలు అక్కడ చేర్చండి. పాత ఐరోపా వైద్యంలో ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయనేవారు: నెత్తురు, కఫం, పచ్చ పిత్తం, నల్ల పిత్తం. వాటి నుంచే 'సాంగ్విన్', 'ఫ్లెగ్మాటిక్', 'కోలెరిక్', 'మెలాంకలీ' వచ్చాయి. నెత్తురు ఎక్కువైతే హుషారు, కఫం ఎక్కువైతే నిమ్మళం, పచ్చ పిత్తానికి కోపం, నల్ల పిత్తానికి దిగులు. "వీడి పైత్యం తగలెయ్య" అని మీ అమ్మమ్మ అన్నప్పుడు ఆ పైత్యమూ పిత్తం నుంచి వచ్చిందే. ఒక్క గంటలో నాలుగు మాటలు, జన్మలో మరిచిపోరు. కానీ ప్రతిదానికీ మూలం తవ్వే జబ్బు పట్టించుకోకండి. మూలం గుర్తుకి పనికొస్తుంది గానీ, వాక్యంలో అర్థం వాక్యమే చెప్పాలి.

పలకడం, తిరగేయడం

ప్రతి మాట పక్కనా ఉచ్చారణ తెలుగు లిపిలో రాయండి. ఇందులో మన లిపికి సాటి లేదు. 'హైపర్‌బోల్' అని సెమినార్లో పలికి నవ్వులపాలైనదాన్ని నేను. అది 'హైపర్‌బలీ'. 'ఎపిటోమ్' కాదు, 'ఎపిటమీ'. డికెన్స్ నవలల్లో తిండికి వాడే మాట చూడ్డానికి 'విక్చువల్స్'లా ఉంటుంది, పలకడానికి 'విటిల్స్'. ఫోన్లో ఒకసారి వినండి, రాసుకోండి, అంతే.

తిరగేయడం మర్నాడు ఒకసారి, మూడో రోజు, వారానికి, నెలకి. వాక్యం చూసి అర్థం చెప్పాలి, అర్థం చూసి మాట చెప్పడం కాదు. బస్సులో కూడా చేయొచ్చు.

జవాబులో వాడేముందు

నేర్చుకున్న మాటను కనీసం మూడు వేర్వేరు చోట్ల చూసేదాకా పరీక్షలో వాడకండి. ఇది నా నియమం, మా క్లాసులో ఇదే చట్టం. కిందటేడు ఒకబ్బాయి ఎడమ పేజీ చక్కగా నింపాడు, నాలుగు ద్రవాలూ వచ్చు. పరీక్షలో కథానాయకుడు పెళ్ళి విషయంలో ఆశగా ఉన్నాడని చెప్పడానికి 'సాంగ్విన్' బదులు 'సాంగ్వినరీ' రాశాడు. రెంటికీ మూలం నెత్తురే, కానీ రెండోదానికి అర్థం రక్తపాతం. పెళ్ళికొడుకు కత్తి పట్టుకుని పీటల మీద కూచున్నట్టయింది. ఎర్రపెన్ను తీసి, ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన "ఎవర్ని?" అని రాశాను.