వర్గ ప్రమేయాలు, 6వ పాఠం: రెండు కాళ్ళు తెలిసినంతలో ఎత్తు తెలియదు

గత పాఠం చివర ఇచ్చిన స్ప్రింక్లర్ లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చూశాను. అనంతపురం దగ్గర ఒక వేరుశనగ చేలో నేల మట్టానే ఉన్న నాజిల్ నుంచి బయలుదేరిన నీటి ధార 8 మీటర్ల దూరంలో నేలను తాకుతుందని, మధ్యలో గరిష్ఠంగా 2 మీటర్ల ఎత్తుకు లేస్తుందని చెప్పి, ఆ ధార గీసే పరావలయానికి సమీకరణం కనుక్కోమన్నాను. ఎక్కువమంది రాసిన జవాబు ఇది:

ర = య(య − 8)

ఈ పాఠంలో నేరుగా గరిష్ఠ, కనిష్ఠ విలువల లెక్కలకు వెళ్ళాలనుకున్నాను. కానీ ఈ తప్పును అలాగే వదిలి ముందుకు పోతే ఆ లెక్కలన్నీ వంకరపోతాయి కాబట్టి, ముందు దీని సంగతి చూద్దాం. ఎప్పటిలాగే అడ్డంగా కొలిచే దూరాన్ని య అనీ, నిలువుగా కొలిచే ఎత్తును ర అనీ రాస్తున్నాను; సాధారణ రూపం ర = కయ² + చయ + ట.

పై జవాబులో య = 4 ప్రతిక్షేపించండి. 4 × (−4), అంటే −16 వస్తుంది. 2 మీటర్లు పైకి లేవవలసిన నీరు 16 మీటర్లు నేలలోకి దిగిపోయిందని ఆ సమీకరణం చెబుతోంది. శీర్షం, అంటే వక్రం మలుపు తిరిగే కొన బిందువు, (4, 2) అని గుర్తించినవారు కొందరు ర = (య − 4)² + 2 అని రాశారు. అందులో య = 0 పెడితే 18 వస్తుంది; నేల మీద ఉన్న నాజిల్ నుంచి రావలసిన నీరు 18 మీటర్ల ఎత్తున మొదలైనట్లయింది. చూడడానికి ఇవి రెండు వేర్వేరు తప్పుల్లా ఉన్నా మూలం ఒక్కటే: ఇద్దరూ య² గుణకమైన క ను మరిచిపోయారు. సమీకరణంలో క రాయకపోతే దాని విలువ 1 అని మీరే నిర్ణయించినట్లు, ఆ నిర్ణయం తీసుకోవడానికి లెక్కలో ఎక్కడా ఆధారం లేదు. ఇన్నేళ్ళుగా చెబుతున్నా నన్ను ఇంతగా బాధించే పొరపాటు మరొకటి లేదు, ఎందుకంటే తెలివైన పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

0, 8 అనే రెండు బిందువుల దగ్గర నేలను తాకే పరావలయాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటన్నిటి రూపం ర = కయ(య − 8). మధ్యలో, అంటే య = 4 దగ్గర, ఎత్తు −16క అవుతుంది. క = −1 అయితే ధార 16 మీటర్లు లేస్తుంది; క = −1/2 అయితే 8 మీటర్లు, క = −1/4 అయితే 4 మీటర్లు, క = −1/8 అయితే 2 మీటర్లు. క ధన సంఖ్య అయితే వక్రం తలకిందులై నేల కిందికి పోతుంది. ఇవన్నీ అవే రెండు కాళ్ళ మీద నిలబడ్డాయి, ఎత్తులు మాత్రం వేరు. నోటు పుస్తకంలో ఈ నాలుగు వక్రాలనూ ఒకే పటం మీద గీయండి. గీసినవారు ఈ తప్పు మళ్ళీ చేయడం నేను చూడలేదు. మన ధార 2 మీటర్లు లేచిందని లెక్కలోనే ఉంది కాబట్టి −16క = 2, క = −1/8, సమీకరణం ర = −(1/8)య(య − 8). శీర్షం నుంచి బయలుదేరినా ఇక్కడికే వస్తాం: ర = క(య − 4)² + 2 లో య = 0, ర = 0 పెడితే 16క + 2 = 0, మళ్ళీ క = −1/8. కుండలీకరణంలోని ఋణ గుర్తు గురించి 4వ పాఠంలో చెప్పాను, మళ్ళీ చెప్పను.

శీర్షం ఇచ్చాక ఇంకో బిందువు ఎందుకని ఒక విద్యార్థిని అడిగింది. మంచి ప్రశ్న. క, చ, ట మూడూ తెలియనివి, కాబట్టి మూడు సమాచారాలు కావాలి. శీర్షం చెప్పినప్పుడు దాని అడ్డం కొలత ఒకటి, నిలువు కొలత ఒకటి, మొత్తం రెండే ఇచ్చినట్లు. రెండు శూన్యాలు, అంటే ర = 0 అయ్యే రెండు య విలువలు, ఇచ్చినా రెండే. మూడవది క కోసం మిగిలే ఉంటుంది. అందుకే నేను ఏ లెక్కలోనైనా మొదటి పంక్తిలోనే క రాసి, దాని చుట్టూ ఒక సున్న చుట్టి, ఆ సున్నలోకి సంఖ్య వచ్చేదాకా లెక్క ముగియలేదని భావిస్తాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రెండు గుంజలకు కట్టిన దండెం తాడు మధ్యలో కుంగిన తీరుకు సమీకరణం కట్టి ఒకరు పంపారు. లెక్క పొరపాటు లేకుండా చేశారు, కానీ వేలాడే తాడు పరావలయం కాదు. చూపుకు అలాగే కనిపిస్తుంది. దాని అసలు వక్రమేదో 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ అనే గణితవేత్తలు వెల్లడించారు. అది వర్గ ప్రమేయంతో చెప్పగలిగేది కాదు. విసిరిన వస్తువు దారి పరావలయమని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు, కాబట్టి గాలి నిరోధాన్ని పక్కన పెడితే నీటి ధారకు మన పద్ధతి చెల్లుతుంది. వంపు తిరిగిన ప్రతి గీతకూ చెల్లదు.

ఇప్పుడు శీర్షమూ శూన్యాలూ తెలియకుండా, కేవలం మూడు బిందువులు తెలిసిన సందర్భం చూద్దాం. నాజిల్‌ను నేలకు 1 మీటరు ఎత్తులో బిగించారు. 2 మీటర్ల దూరంలో ధార ఎత్తు 3 మీటర్లు, 4 మీటర్ల దూరంలో కూడా 3 మీటర్లు. య = 0 పెడితే ట = 1 అని వెంటనే తెలుస్తుంది. మిగిలిన రెండు బిందువుల నుంచి 4క + 2చ = 2, 16క + 4చ = 2 అనే సమీకరణాలు వస్తాయి; వీటిని సాధిస్తే క = −1/4, చ = 3/2.

పరీక్షలో అలాగే రాయండి. చిత్తు కాగితం మీద మాత్రం నేను వేరే దారిలో పోతాను. దూరాలు సమాన అంతరాల్లో ఉన్నప్పుడు ఎత్తుల భేదాలు తీస్తాను: 1 నుంచి 3కు 2, 3 నుంచి 3కు 0. ఆ భేదాల భేదం −2. ఇది ఎప్పుడూ 2క ను అంతరం వర్గంతో గుణించినదానికి సమానం; ఇక్కడ అంతరం 2 కాబట్టి 8క = −2, క = −1/4. అంతరం 1 అయినప్పుడు రెండో భేదాన్ని సగం చేస్తే చాలు, కానీ ఆ అలవాటుతో ఇక్కడా సగం చేసి క = −1 అని రాయకండి.

2 దగ్గరా 4 దగ్గరా ఎత్తు సమానం కాబట్టి సౌష్ఠవాక్షం, అంటే వక్రాన్ని సరిసమానంగా చీల్చే నిలువు గీత, వాటి నడుమ, య = 3 దగ్గర ఉంది. అక్కడ ఎత్తు 3.25 మీటర్లు. నీరు ఎక్కడ పడుతుందో తెలియాలంటే ర = 0 పెట్టి −4తో గుణించండి: య² − 6య − 4 = 0, అంటే (య − 3)² = 13. √13 సుమారు 3.61 కాబట్టి నీరు 6.61 మీటర్ల దగ్గర పడుతుంది. రెండో మూలం −0.61 నాజిల్ వెనక ఉంది. బీజగణితం దాన్ని ఇస్తుంది, చేను ఇవ్వదు. ఎందుకు వదిలేశారో ఒక వాక్యం రాసి మరీ వదలండి.

కొన్ని లెక్కల్లో సమీకరణాన్ని బిందువుల నుంచి కాక విషయం నుంచే కడతాం. కడప బండలతో కట్టిన పొడవైన ప్రహరీ గోడను ఆనుకుని 40 మీటర్ల ఇనుప జాలీతో దీర్ఘచతురస్రాకారపు మేకల దొడ్డి వేయాలి. గోడ వైపు జాలీ అక్కరలేదు. గోడకు లంబంగా ఉండే రెండు వైపులూ య మీటర్ల చొప్పున తీసుకుంటే మూడో వైపు 40 − 2య, కాబట్టి వైశాల్యం య(40 − 2య). శూన్యాలు 0, 20; వాటి నడుమ య = 10; గరిష్ఠ వైశాల్యం 10 × 20 = 200 చదరపు మీటర్లు. ఇందులో క విలువ −2, అది జాలీ కొలతలోంచి తానే వచ్చింది. శూన్యాలు మాత్రమే గుర్తుపెట్టుకుని య(20 − య) అని తిరిగి రాసినవారికి 100 వస్తుంది. సగం దొడ్డి కాగితం మీదే పోయింది. మళ్ళీ అదే క.

ధరల లెక్కలకూ ఇదే పద్ధతి. కర్నూలులో ఒకామె ఓళిగలు చేసి ఒక్కొక్కటి 20 రూపాయలకు అమ్మితే రోజుకు 100 అమ్ముడవుతాయనీ, ధర రూపాయి పెంచిన ప్రతిసారీ అమ్మకం 4 తగ్గుతుందనీ అనుకుందాం. య రూపాయలు పెంచితే రాబడి (20 + య)(100 − 4య). శూన్యాలు −20, 25. నడిమి విలువ 2.5, గరిష్ఠ రాబడి 2,025 రూపాయలు. ధర పూర్తి రూపాయల్లోనే ఉండాలంటే 22కు అమ్మినా 23కు అమ్మినా 2,024 రూపాయలే వస్తాయి, ఎందుకంటే ఆ రెండూ అక్షానికి సమాన దూరంలో ఉన్నాయి. కానీ ఆమెకు కావలసింది రాబడి కాదు, లాభం. ఒక ఓళిగకు 8 రూపాయలు ఖర్చయితే లాభం (12 + య)(100 − 4య). ఇప్పుడు నడిమి విలువ 6.5కు జరిగింది. 26కు అమ్మినా 27కు అమ్మినా లాభం 1,368 రూపాయలు, 22కు అమ్మితే 1,288 మాత్రమే. ప్రశ్న రాబడి గురించా లాభం గురించా అన్నది సమీకరణం కట్టకముందే గీత గీసి పెట్టుకోండి.

అభ్యాసానికి ఈసారి ఒక్క లెక్కే ఇస్తున్నాను, కానీ దానికి ఒక సాయంత్రం కేటాయించండి. నాజిల్ నేలకు 1 మీటరు ఎత్తులో ఉంది. ధార గరిష్ఠంగా 5 మీటర్ల ఎత్తుకు లేస్తుంది, అయితే ఎంత దూరంలో లేస్తుందో తెలియదు. 6 మీటర్ల దూరంలో ధార ఎత్తు 4 మీటర్లు. 10 మీటర్ల దూరంలో 6 మీటర్ల ఎత్తు గోడ ఉంది, ఆ గోడకు తడి తగలలేదు. ధార సమీకరణం కనుక్కుని, నీరు గోడకు ఎంత ఇవతల పడిందో చెప్పండి. గోడ సంగతి వాడకముందు మీకు రెండు పరావలయాలు రావాలి. ఒక్కటే వచ్చిందంటే వర్గమూలం తీసేటప్పుడు ఒక గుర్తును వదిలేశారు. ఆ పంక్తికి తిరిగి వెళ్ళండి.